పాలు విరిగిన తర్వాత

ఎండాకాలం మధ్యాహ్నాలు పాలు విరిగితే మా అమ్మమ్మ గిన్నె దించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ "పసులున్ విరిగినవి తిక్క! పాలున్ విరిగెన్" అనేది. రాగమేమీ తీసేది కాదు, మామూలు మాటలాగే అనేది. తుమ్మితే "చిరంజీవ" అంటారు కదా, అలా పాలు విరిగితే ఈ మాట అనాలేమో అనుకునేవాళ్ళం పిల్లలం. కావలికి పడమటి పక్క పల్లె మాది. అమ్మమ్మ అయిదో తరగతి దాకా చదువుకుంది. ఆ పద్యం వాళ్ళ నాన్న నోట విని నేర్చుకుంది. ఎవరు ఎవరితో అన్న మాటో నాకు తెలిసింది మాత్రం హైస్కూల్లో, తెలుగు మాస్టారు ఖడ్గ తిక్కన కథ చెప్పిన రోజున.

మూడేళ్ళుగా నేను ఆ పద్యం చుట్టూ రాసుకున్న ఒక ఏకపాత్ర నాటకం ఆడుతున్నాను. నలభై నిమిషాలు ఉంటుంది. రంగం మీద ఒక్కతే మనిషి, ఖడ్గ తిక్కన తల్లి ప్రోలమ్మ. కాలేజీల్లో, లైబ్రరీ హాళ్ళలో, రెండు గుళ్ళ దగ్గర, ఒక పెళ్ళి మంటపంలో కూడా ఆడాను. దాదాపు ఆడిన ప్రతిచోటా, అయిపోయాక ఎవరో ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, బాధగానే, ఒకే మాట అడుగుతారు: "వీరమాతను ఎందుకమ్మా అలా ఏడిపించావు?" అక్కడ నిలబడి రెండు ముక్కల్లో చెప్పలేకపోతున్నాను. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ముందు కథ, తెలియని వాళ్ళ కోసం. 13వ శతాబ్దం. నెల్లూరులో తెలుగు చోడుల రాజు మనుమసిద్ధి. అప్పుడు దాని పేరు విక్రమసింహపురం. ఎగువ సీమల్లో వానల్లేక గడ్డి ఎండిపోతే, యాదవ నాయకుడు కాటమరాజు మందల్ని తోలుకుని నెల్లూరు సీమ పచ్చికల్లోకి వచ్చాడు. పచ్చిక మేపుకున్నందుకు రాజుకు కట్టాల్సిన పన్ను పుల్లరి. మాట కుదిరింది, మేత మొదలైంది, తర్వాత మాట చెడింది. రాజు ఉంపుడుగత్తె పెంచుకున్న చిలుకను గొల్లలు చంపారనీ, దానికి పగబట్టి ఆవుల్ని చంపించారనీ, ఆ నష్టం చూపించి కాటమరాజు పుల్లరి కట్టనన్నాడనీ కథ చెప్పేవాళ్ళు చెబుతారు. పాలేటి ఒడ్డున యుద్ధం జరిగింది. మనుమసిద్ధి తరఫున సేనాని ఖడ్గ తిక్కన. మహాభారతం తెనిగించిన కవి తిక్కన గారికి పెదతండ్రి కొడుకు.

మొదటి పోరులో తిక్కన సేన దెబ్బతింది. మళ్ళీ బలగం కూర్చుకుందామని అతను ఇంటికి వచ్చాడు. అక్కడ జరిగిందే మనకు పద్యాలుగా మిగిలింది. భార్య చానమ్మ అతని స్నానానికి నీళ్ళు తోడి, చుట్టూ మంచం అడ్డుపెట్టి, పక్కన పసుపుముద్ద ఉంచింది. ఏమిటిదని అడిగితే, శత్రువుకు వెన్ను చూపి వచ్చావు కాబట్టి ఇంట్లో ఇప్పుడు ముగ్గురం ఆడవాళ్ళమే అంది. "ముగురాడువార మైతిమి" అన్నది ఆ పద్యంలో మాట. స్నానం చేసి అన్నానికి కూర్చుంటే తల్లి విరిగిన పాలు వడ్డించింది. పాలు ఇలా ఉన్నాయేమిటమ్మా అన్నాడు. అప్పుడు ఆమె అన్నదిది:

అసదృశముగ నరివీరుల
మసిపుచ్చక విరిగి వచ్చు మగపందక్రియన్
కసవున్ మేయఁగఁ బోయిన
పసులున్ విరిగినవి తిక్క! పాలున్ విరిగెన్.

శత్రువుల్ని మట్టుపెట్టకుండా విరిగి వచ్చిన పిరికి మగాడిలాగే, గడ్డి మేయడానికి పోయిన పశువులూ విరిగాయి తిక్కా, పాలూ విరిగాయి. కంచం ముందు నుంచి లేచి వెళ్ళి, మళ్ళీ యుద్ధం చేసి, అతను చచ్చిపోయాడు.

కథ ఇక్కడ ఆగుతుంది. నేను చిన్నప్పుడు చూసిన స్కూలు నాటికలన్నిట్లోనూ ఇక్కడే ఆగింది. తల్లి వేషం వేసిన అమ్మాయి చెయ్యెత్తి "పాలున్ విరిగెన్" అనగానే తెర పడేది, చప్పట్లు మోగేవి. ఆ చప్పట్లు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి, ఎందుకంటే ఎనిమిదో తరగతిలో ఆ వేషం నేనే వేశాను. ఫస్ట్ ప్రైజుగా స్టీలు గిన్నె ఇచ్చారు. ఇప్పుడు నా నాటకంలో పాలు పోసేది ఆ గిన్నెలోనే.

నేను చెప్పేది ఒక్కటే. ఆ తెర పడిన చోట నాటకం మొదలవ్వాలి. కొడుకు గుమ్మం దాటి వెళ్ళాడు, కంచంలో విరిగిన పాలు అలాగే ఉన్నాయి, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు. కబురు ఇంకా రాలేదు. ఆ రాత్రి ఏం జరిగింది? కబురు వచ్చాక ఆ తల్లి ఏం చేసింది? ఏడువందల ఏళ్ళకు పైగా మన సాహిత్యం ఆమె చేత ఆ ఒక్క పద్యం చెప్పించి, ఆ తర్వాత నోరు మూయించింది. నేను ఏడిపించలేదు. ఏడవడానికి ఆమెకు నలభై నిమిషాలు ఇచ్చాను, అంతే.

మన ఏకపాత్రాభినయం సంగతి చూడండి. ఊళ్ళో ఏ వార్షికోత్సవం జరిగినా ఒక దుర్యోధనుడు మయసభలో తిరగాల్సిందే, ఒక బాలచంద్రుడు కత్తి దూయాల్సిందే. ఆడపిల్లలకైతే రుద్రమదేవి, ఝాన్సీ, మంచాల. ఎవరైనా సరే లేచి నిలబడి, గొంతు పెంచి, సవాలు విసిరే వేషాలే. ఏకపాత్ర అంటే గర్జన అని మనకు అలవాటైపోయింది. నేనూ అందులోనే పెరిగాను, ఆ గర్జన అంటే నాకు చులకన లేదు. పద్యం చివర గాయకుడు రాగం ఎత్తుకుంటే "వన్స్‌మోర్" అని అరిచిన వాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ ఒక మనిషి ఒంటరిగా రంగం మీద నిలబడి ఉండటంలోనే ఒక దుఃఖం ఉంది. పక్కన ఎవరూ లేరు, మాట్లాడితే జవాబు రాదు. కొడుకు పోయిన తల్లికి ఇంతకంటే సరిపోయే రూపం ఇంకేముంటుంది? మనం ఆ రూపాన్ని ఎక్కువగా వీరావేశానికే వాడుకున్నాం.

ఆ పద్యాన్ని నేను ఎన్ని వందల సార్లు చదివానో. చదివేకొద్దీ అందులో కొత్త సంగతులు కనిపిస్తున్నాయి. విరగడం అన్న ఒక్క మాట చుట్టూ తిరిగే పద్యం అది. సేన విరిగింది, మంద విరిగింది, పాలు విరిగాయి. మాస్టారు మాకు శ్లేష అని చెప్పి వదిలేశారు. కానీ ఆ పశువులు ఎందుకు వచ్చాయి పద్యంలోకి? "కసవున్ మేయఁగఁ బోయిన పసులు." ఆ యుద్ధమే కసవు కోసం జరిగింది. ఎవరి గడ్డి ఎవరి పశువులు మేశాయి, మేసినదానికి ఎంత కట్టాలి అన్నదే గొడవ. యుద్ధం గురించి కొడుకుతో మాట్లాడుతున్న తల్లి నోట్లోకి గడ్డీ, పశువులూ, పాలూ వచ్చాయి. రాజ్యం గురించి, కీర్తి గురించి ఒక్క మాట లేదు. ఆమె చేతిలో ఉన్నదీ, ఆమెకు తెలిసిందీ పాడి. పశువులు చెదిరిపోతే రేపు పొద్దున ఏ ఇంట్లో ఏం కాచుకుంటారో తెలిసిన మనిషి ఆమె. యుద్ధం జరిగిన ఏటి పేరు కూడా పాలేరే.

ఇక ఆ "ముగ్గురు ఆడవాళ్ళు." కోడలు లెక్క చెప్పింది: అత్త, తాను, పారిపోయి వచ్చిన మొగుడు. మొత్తం ముగ్గురు. వారం తిరిగేసరికి ఆ లెక్కలో ఒకరు తగ్గారు. నా నాటకంలో ప్రోలమ్మ తలుపు అవతల ఉన్న కోడలితో మాట్లాడుతుంది. కోడలు కనపడదు, పలకదు. "ముగ్గురం అన్నావే చానమ్మా, ఇప్పుడు లెక్కపెట్టు" అంటుంది. ఆ మాట నేను రాసిన రోజు తర్వాత రెండు వారాలు ఇంకేమీ రాయలేకపోయాను.

పసుపుముద్ద కూడా అంతే. మొగుడిని ఆడదానివని ఎగతాళి చెయ్యడానికి చానమ్మ నీళ్ళ పక్కన పెట్టిన పసుపు. మొగుడు పోయాక ఆ కాలపు ఇంట్లో ఆమె పసుపు ముట్టకూడదు. ఎగతాళికి నూరిన ముద్ద స్నానాల దగ్గర ఎండి అక్కడే ఉంటుంది, దాన్ని తీసేదెవరు? ఆమె ముట్టకూడదు. అత్తకు చేతులు రావు. ఈ సంగతి ఏ పద్యంలోనూ లేదు. కానీ పసుపు పెట్టిందని పద్యం చెప్పాక, ఆ పసుపు తర్వాత ఏమైందని ఆలోచించకుండా ఎలా ఉంటాం?

ఇప్పుడు అసలు అభ్యంతరం దగ్గరికి వస్తాను. "ఆమె వీరమాత. కొడుకు పిరికివాడనే మాట పడకూడదని పంపింది. ఆమెను ఏడిపిస్తే ఆ త్యాగం తక్కువ చేసినట్టు కాదా?" అడిగిన పెద్దలంటే నాకు గౌరవం ఉంది. వాళ్ళలో ఒకాయన నాకు ఛందస్సు నేర్పినవారు. ఆయనకు చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. చాటు పద్యాలు సభల్లో పుట్టి నోటి మీద నడిచినవి. ఆ తల్లి నిజంగా కందపద్యంలో తిట్టిందని ఎవరం అనుకోం. కథను గుర్తుపెట్టుకున్న వాళ్ళు ఆమె నోట పెట్టిన మాట అది. యుద్ధానికి పంపే తల్లి వాళ్ళకు కావాలి, కాబట్టి ఆమెను నిలబెట్టారు. యుద్ధం అయ్యాక ఆ తల్లి వాళ్ళకు అక్కర్లేదు, కాబట్టి ఆమెకు పద్యం రాయలేదు. ఏడ్చే తల్లి వీరమాత కాకుండా పోతుందన్నది మన భయమే గాని ఆమెది కాదు.

పల్లెల్లో పాత వీరగల్లులు చూస్తుంటాను. కత్తి పట్టిన వీరుడు, కొన్నిటి మీద పశువులు, పైన అతణ్ణి స్వర్గానికి తీసుకుపోయే అప్సరసలు. భర్తతో చితి ఎక్కిన భార్యకు కూడా ఒక రాయి ఉంటుంది, గాజుల చెయ్యి ఎత్తి ఉన్నట్టు చెక్కుతారు. నేను చూసిన రాళ్ళలో తల్లి ఎక్కడా లేదు. చచ్చిన వాళ్ళకు రాళ్ళున్నాయి. బతికి మిగిలిన మనిషికి, అందులోనూ ఇంకో ఇరవై ఏళ్ళు అదే పొయ్యి ముందు కూర్చోవాల్సిన మనిషికి, రాయి వెయ్యాలని ఎవరికీ తోచలేదు.

ఒక స్నేహితురాలు అంది, "తల్లి దుఃఖమే కావాలంటే పల్నాడు వెళ్ళు, ఐతమ్మ ఉంది కదా" అని. నిజమే. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో బ్రహ్మనాయుడి భార్య ఐతమ్మ తన ఒక్కగానొక్క కొడుకు బాలచంద్రుణ్ణి యుద్ధానికి పోనివ్వకూడదని అన్ని విధాలా చూసింది. బొంగరాలాడుకునే పిల్లాడు. కోడలు మంచాల అందం చూసి ఆగిపోతాడేమో అని ఆశపడి ఆమె దగ్గరికి పంపింది. మంచాల కత్తి చేతికిచ్చి పంపేసింది. కారంపూడి దగ్గర బాలచంద్రుడు చచ్చిపోయాడు. ఇప్పటికీ కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు కారంపూడిలో వీరుల ఉత్సవం జరుగుతుంది, వీరుల ఆయుధాలైన కొణతాలు ఊరేగుతాయి. ఐతమ్మ పాత్ర ఆడాలని నాకూ ఉంది. కానీ ఐతమ్మ దుఃఖానికి ఒక ఆసరా ఉంది: నేను వద్దన్నాను, వాడు వినలేదు. ప్రోలమ్మకు ఆ ఆసరా కూడా లేదు. ప్రాణాలతో గుమ్మంలోకి వచ్చిన కొడుకును, ఆకలితో కంచం ముందు కూర్చున్న కొడుకును, తనే మాటతో పొడిచి లేపింది. ఆఖరి ముద్ద కూడా సరైంది పెట్టలేదు. ఆ తల్లి దగ్గరికి వెళ్ళడానికే ఎవరూ ధైర్యం చెయ్యలేదనిపిస్తుంది నాకు.

నేను ఎందుకు వెళ్ళానో కూడా చెప్పాలి. మా చిన్నమామయ్య లారీ క్లీనరుగా చేరాడు, ఇరవై ఏళ్ళు కూడా లేవు. నిద్ర లేకుండా తిప్పుతున్నారని, డ్రైవరు కొడుతున్నాడని మూడు నెలలకే ఇంటికి వచ్చేశాడు. నచ్చజెప్పి పంపారు, మళ్ళీ వచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు అమ్మమ్మ వసారాలో కూర్చుని బియ్యం ఏరుతోంది. తల కూడా ఎత్తకుండా, "ఏందిరా, ఆడపిల్లలాగా ఊరికూరికే పుట్టింటికొస్తా ఉండావు?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నాకు తొమ్మిదేళ్ళు. మామయ్య కూడా నవ్వి, అన్నం తిని, సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు. పదిహేను రోజుల తర్వాత ఒంగోలు దాటాక హైవే మీద వాళ్ళ లారీ ఆగి ఉన్న ఇంకో లారీని గుద్దింది. తెల్లవారుజామున. డ్రైవరు నిద్రపోయాడన్నారు.

అమ్మమ్మ ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు బతికింది. పాలు ఎన్నోసార్లు విరిగాయి. ఆ పద్యం మళ్ళీ ఆమె నోటి నుంచి వినలేదు. అంతకు ముందు విరిగిన పాలల్లో బెల్లం వేసి, ఇగరబెట్టి, మాకు తలా కాస్త చేతిలో పెట్టేది. వృథా అంటే పడేది కాదు ఆమెకు, గంజి కూడా పారబోసేది కాదు. అలాంటి మనిషి తర్వాత్తర్వాత విరిగిన పాల గిన్నె పట్టుకెళ్ళి దొడ్లో నిమ్మచెట్టు మొదట్లో పోసి, గిన్నె అక్కడే బోర్లించి వచ్చేది. ఎవరమూ ఎందుకని అడగలేదు.

ఖడ్గ తిక్కన ఇంట్లోనూ ఇలాగే జరిగి ఉంటుందని నేను అనడం లేదు. కానీ ఒక మాట అని, ఆ మాటతో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎలా ఉంటుందో నేను ఇరవై రెండేళ్ళు దగ్గర నుంచి చూశాను. ఆమెను వీరమాత అన్నా, మూర్ఖురాలన్నా ఆమెకు ఒకటే. టీవీల్లో సరిహద్దుల నుంచి వచ్చిన శవపేటిక పక్కన కూర్చున్న తల్లి ముందు మైకు పెట్టి "మీ అబ్బాయిని చూస్తే గర్వంగా ఉందా అమ్మా?" అని అడుగుతుంటారు. ఆమె తల ఊపుతుంది. ఆ తల ఊపడం తర్వాత కెమెరా వెళ్ళిపోతుంది. నాకు ఆ కెమెరా వెళ్ళిపోయాక మిగిలే ఇల్లు కావాలి.

ఈ నాటకం రాసేటప్పుడు నాకు ధైర్యం ఇచ్చింది, విచిత్రంగా, అదే ఇంటి మనిషి. కవి తిక్కన. విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు తెనిగించిన ఆయన, మనుమసిద్ధి కొలువులో మంత్రి. కోవూరు దగ్గర పాటూరు ఆయన ఊరని మా నెల్లూరు వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. ఆ 15 పర్వాల్లో స్త్రీపర్వం ఒకటి. రెండే ఆశ్వాసాలు. యుద్ధం అయిపోయింది, గెలిచిన వాళ్ళు గెలిచారు. వ్యాసుడి వరంతో గాంధారికి యుద్ధభూమి మొత్తం కనిపిస్తుంది. తన కొడుకులే కాదు, అవతలి పక్షం శవాలూ కనిపిస్తాయి. అభిమన్యుడి మీద పడి ఏడ్చే ఉత్తర, సైంధవుడి తల కోసం వెతుక్కునే తన కూతురు దుస్సల, తెగిపడ్డ భూరిశ్రవుడి చెయ్యి పట్టుకున్న అతని భార్యలు. ఒక్క ఆవిడ నిలబడి కృష్ణుడికి అంతా చూపిస్తూ పోతుంది. ఆపకుండా మాట్లాడుతుంది. చివరికి నీ యాదవ కులం కూడా 36 ఏళ్ళకు ఇలాగే కొట్టుకు చస్తుందని శపిస్తుంది. ఏకపాత్ర నాటకం అంటే నాకు అదే. ఆ పర్వం తెనిగించిన మనిషి ఇంట్లోనే, అదే కాలంలో, ఒక తల్లి కొడుకును పోగొట్టుకుంది. ఆయనకు పెద్దమ్మ అవుతుంది ఆవిడ. గాంధారి గురించి రాసేటప్పుడో, రాసిన ఆ పద్యాలు తర్వాతెప్పుడో ఇంట్లో చదివేటప్పుడో, ఆయనకు ప్రోలమ్మ గుర్తు రాలేదంటే నేను నమ్మను. ఇది నా నమ్మకం. రుజువు అడగొద్దు.

అందుకే వీరమాతను ఏడిపించడం మన సంప్రదాయం కాదు అనేవాళ్ళకు స్త్రీపర్వం చూపిస్తాను. నూరుగురు కొడుకుల్ని యుద్ధానికి పంపిన తల్లి చేత అంతసేపు మాట్లాడించాడు తిక్కన. ఆమె గౌరవం ఏమీ తగ్గలేదు.

ఇక ఎలా ఆడాలన్న దాని మీద కూడా గొడవలే. మొదటి రెండు ప్రదర్శనల్లో ఆ పద్యాన్ని నేను రాగం కట్టి పాడాను. జనం మెచ్చుకున్నారు, హాలంతా కదిలింది, నాకు మాత్రం ఇంటికి వెళ్ళాక కడుపులో తిప్పినట్టయింది. చప్పట్లు కొట్టించుకునే చోటు కాదది. ఇప్పుడు పాడను. అమ్మమ్మ అన్నట్టే, చేతులు తుడుచుకుంటూ, మామూలుగా అంటాను. ఇంకో చిక్కు, "తిక్క." ఇవాళ్టి పిల్లలకు తిక్క అంటే పిచ్చి. "తిక్కా" అని పిలవగానే ముందు వరసల్లో కిసుక్కుమంటారు. మొదట్లో టెన్షన్ పడి "తిక్కన్నా" అని మార్చాను. తర్వాత మళ్ళీ "తిక్కా"కే వచ్చాను. తల్లి పిలిచే పేరు అదే. నాటకంలో ఆ పేరు పదిహేడు సార్లు వస్తుంది. నాలుగోసారికి నవ్వులు ఆగిపోతాయి.

ఏడుపు విషయంలో పద్యాన్ని పూర్తిగా పక్కన పెట్టాను. మా పక్క ఆడవాళ్ళు చావు దగ్గర శోకాలు పెడతారు. అది ఏడుపే, మాటే, పాటే. పోయిన మనిషిని పిలుస్తారు, అతను చేసిన పనులు వరసగా చెబుతారు, తినకుండా పోయిన కూర పేరు కూడా చెబుతారు. "సద్దన్నంలోకి ఊరగాయ అడిగితివే నాయనా, రేపు జాడీ దించుతాననంటినే నాయనా" అని మా పక్కింటి ఆవిడ శోకం పెట్టడం విన్నాను. ఆ "రేపు" అన్న చోట గొంతు విరిగేది. నా దృష్టిలో తెలుగులో దుఃఖానికి అంతకంటే మంచి ఛందస్సు లేదు. చదువుకున్న ఇళ్ళల్లో శోకాలు పెట్టడం నామోషీ అయిపోయింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటున్నారు. మంత్రుల ఇంటి ఆడది శోకాలు పెడుతుందా అని ఒకరు అడిగారు. కొడుకు పోయినప్పుడు ఏ ఇంటి ఆడదైనా ఏ భాషలో ఏడుస్తుందో ఆ భాషే రాశాను.

కానీ నేను గట్టిగా సమాధానం చెప్పలేని ప్రశ్న ఒకటి ఎదురైంది. కనిగిరి పక్క ఒక ఊళ్ళో, యాదవులు ఎక్కువగా ఉండే చోట, చెట్టు కింద ఆడాను. కాటమరాజు వాళ్ళకు దేవుడు. కొమ్మువాళ్ళు కొమ్ము ఊది రాత్రుళ్ళు ఆ కథ చెబితే విని పెరిగిన ఊరు. అయిపోయాక ఒక పెద్దాయన కర్ర మీద ఆనుకుని అడిగారు: "బాగుంది తల్లీ. మా పక్క కూడా పోయినారు గదా. మందలు కాసుకునేదానికి వచ్చినోళ్ళు మేము. మా అమ్మలు ఏడవలేదా?"

నా దగ్గర మాట లేదు. గాంధారికి రెండు పక్షాల శవాలూ కనిపించాయని ఇంత పెద్దగా చెబుతానే, నా ప్రోలమ్మకు మాత్రం తన వాకిలి దాటి కనిపించలేదు. నెల్లూరు కోట వైపు నిలబడి రాశాను నేను. నాకు దొరికిన పద్యాలు అటువైపువి, అందుకని. గడ్డి కోసం వచ్చి, గడ్డి మీద పడి చచ్చిన వాళ్ళ తల్లులకు కందపద్యాలు లేవు, కొమ్ము కథ ఉంది. అది వినకుండా ఈ నాటకం రాయడం నా తప్పు.

తర్వాత ఆ ఊరికి మూడుసార్లు వెళ్ళాను. ఆడవాళ్ళతో కూర్చున్నాను. ఈ ఏడాది నాటకం మారింది. కబురు వచ్చాక ప్రోలమ్మ పాల గిన్నె పట్టుకుని గుమ్మం దాటి, రంగం అవతలి కొసకు నడుస్తుంది. అక్కడ అదే చీరతో, కొంగు నడుముకు చుట్టి, నేను ఇంకో తల్లిని అవుతాను. ఆమెకు పేరు పెట్టలేదు. ఆమె తన కొడుకును పిలిచే పిలుపు ఆ ఊరి ఆడవాళ్ళు నాకు ఇచ్చినదే. ఆమె పాలు చూసి, "ఇవి మా ఆవు పాలేనా?" అని అడుగుతుంది. ప్రోలమ్మ జవాబు చెప్పదు. చెప్పడానికి ఇద్దరినీ ఆడుతున్నది నేను ఒక్కదాన్నే కదా. ఆ నిశ్శబ్దం ఎంతసేపు ఉంచాలో ఇంకా కుదరలేదు, ఒక్కోచోట ఒక్కోలా వస్తోంది.

కొత్త రూపం మొదటిసారి ఆ చెట్టు కిందే ఆడాను. నిజం పాలే, పొద్దున నిమ్మకాయ పిండి విరగ్గొట్టి స్టీలు గిన్నెలో పోసి తెచ్చుకున్నవి. చివర్లో గిన్నె రంగం మధ్యలో పెట్టి నేను వెళ్ళిపోతాను. తెర ఉండదు. జనం కాసేపు కూర్చుని, ఒక్కొక్కరే లేచారు. నేను చెట్టు వెనక నిలబడి చూస్తున్నాను. ఒక ముసలావిడ చంకలో మనవణ్ణి ఎత్తుకుని గిన్నె పక్కగా వెళ్తూ ఆగింది. అటూ ఇటూ చూసింది. పక్కింటి అరుగు మీద ఉన్న పళ్ళెం తెచ్చి, ఆ పాల మీద మూత పెట్టి, వెళ్ళిపోయింది.